నర్సింగ్ స్టూడెంట్ల యూనిఫాం: ఏ రూలుకు సరే అనాలి, ఏ రూలు గురించి అడగాలి?

శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్న ఒకమ్మాయి ప్రశ్న ఇది: "మా కాలేజీలో రోజూ పొద్దున్నే లైన్లో నిలబెట్టి జడ, గోళ్లు, చెవులు, బూట్లు అన్నీ చూస్తారు. గోరుకి రంగు కనబడితే ఫైన్. అబ్బాయిల్ని మాత్రం పైపైన చూసి పంపేస్తారు. మా బ్యాచ్‌లో సగం మంది 'పేషెంటుకి మన పని కావాలి గానీ మన వేషంతో ఏం పని' అంటున్నారు. మిగతావాళ్లు 'నర్సంటే నర్సులా కనపడాలి' అంటున్నారు. వచ్చే వారం దీనిమీద క్లాసులో చర్చ ఉంది. ఎవరిది రైటు?"

అమ్మా, ఏ పక్షం తీసుకున్నా నువ్వు సగమే గెలుస్తావు. మీ కాలేజీ రూల్సన్నీ ఒకే జాతివి కావు మరి. కొన్ని పేషెంటు ప్రాణం కోసం పెట్టినవి. కొన్ని 'ఈమె నర్సు' అని పేషెంటు గుర్తుపట్టడానికి పెట్టినవి. ఇంకొన్ని ఎప్పుడో ఎవరో పెట్టారు, తీసేసే ఓపిక ఎవరికీ లేక అలా ఉండిపోయాయి. అన్నింటినీ ఒకటే గొంతుతో చెప్పడం వల్ల మీకు అన్నీ ఒకేలా వినపడుతున్నాయి. విజయనగరం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి, తర్వాత ట్యూటరుగా పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ లైన్లో నిలబడ్డాను, నిలబెట్టాను కూడా. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

ముందు చేతుల సంగతి. ఇక్కడ బేరాల్లేవు.

మోచేతి కింద ఏమీ ఉండకూడదు. ఉంగరం, గాజు, వాచీ, దేవుడి దారం, పొడుగు చేతుల చొక్కా ఏదైనా సరే. బ్రిటన్‌లో 2008 నుంచి ఆసుపత్రుల్లో ఇదే పద్ధతి పెట్టారు. దీని వెనక కారణం చాలా మామూలుది: మణికట్టు దాకా చెయ్యి సరిగ్గా కడగాలంటే దాని మీద ఏ అడ్డమూ ఉండకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల శుభ్రత గైడ్‌లైన్స్ ప్రకారం సబ్బుతో కడిగితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరుతో రుద్దుకుంటే 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో మీరు ఫస్టియర్‌లో బట్టీ పట్టిన ఆ 'ఐదు సందర్భాలు' కూడా అందులోవే. ఒక డ్యూటీలో ఆ ఐదు సందర్భాలు ఎన్నిసార్లు వస్తాయో ఒక పూట లెక్కపెట్టుకుని చూడు. అన్నిసార్లూ గాజులు పైకి లాక్కుని కడిగే మనిషిని నేనైతే చూడలేదు.

ఉంగరం గురించి నా మాట నమ్మక్కర్లేదు. పొద్దున డ్యూటీకి ఉంగరంతో వెళ్లిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే మధ్యాహ్నం రెండింటికి తీసి చూపించమను. కింద చర్మం తెల్లగా నాని ముడతలు పడి ఉంటుంది. అంచులో సబ్బు జిడ్డు, గ్లవ్ పౌడరు కలిసి సన్నగా గీతలా పేరుకుని ఉంటుంది. ఆ తడిలో క్రిములు మిగతా చేతి మీద కంటే ఎక్కువ ఉంటాయని పరిశోధనలు చెప్తున్నాయి. ఆ వేలితోనే క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం) పెడతాం, బొడ్డుతాడు పట్టుకుంటాం. పెళ్లి ఉంగరం తియ్యలేమనేవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ కాస్త వెసులుబాటు ఇచ్చింది. నగిషీ, రాయి లేని సాదా ఉంగరమైతే మామూలు వార్డు పనిలో ఒప్పుకోవచ్చంది. ఆపరేషన్ థియేటర్లో మాత్రం అదీ కుదరదు. మా సిస్టర్లలో చాలామంది ఉంగరాన్ని పిన్నీసుకి ఎక్కించి లోపలి జేబుకి గుచ్చుకునేవారు. పారేసుకుంటామన్న భయం ఉండదు.

కొత్తగా పెళ్లైన పిల్లలకి గాజుల దగ్గర ఇబ్బంది వస్తుంది. 'బోసి చేతుల్తో ఎలా వెళ్తావ్' అని అత్తగారు అంటుంది. ఆవిడతో వాదనకి దిగకుండా, గాజులు ఒక డబ్బాలో పెట్టుకుని వెళ్లి, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు గుమ్మం బయటే వేసుకో. చాలా ఇళ్లలో ఈ ఏర్పాటు సాఫీగా నడిచింది.

ఇక గోళ్లు. పావు అంగుళం, అంటే దాదాపు అర సెంటీమీటరు లోపే ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2002లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాతా చెప్పాయి. అతికించుకునే గోళ్లు అసలే వద్దు. ఓక్లహోమా సిటీలో 1997-98లో నవజాత శిశువుల ఐసీయూలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ నెలల తరబడి పాకింది. పసిపిల్లలు చనిపోయారు. ఎక్కడి నుంచి వస్తోందని తీగ లాగితే, పొడుగు గోళ్లున్న ఒక నర్సు, అతికించుకున్న గోళ్లున్న ఇంకో నర్సు దగ్గరికి వెళ్లింది. ఆ గోళ్లకీ ఈ ఇన్ఫెక్షన్‌కీ సంబంధం ఉండే అవకాశం ఉందని దర్యాప్తు చేసినవాళ్లు రాశారు. అంత దూరం ఎందుకు, విజయనగరం ఘోష ఆసుపత్రిలాంటి ప్రసూతి వార్డులో పోస్టింగు పడినప్పుడు గమనించు. గర్భిణి పొట్ట మీద చేతులు వేసి బిడ్డ తల ఎటుందో చూసేటప్పుడు గోరు దిగబడితే ఆమె ముఖం చిట్లిస్తుంది, పొట్ట బిగపడుతుంది, నీకు తల దొరకదు. అప్పుడే పుట్టిన బిడ్డని తుడిచేటప్పుడు చిన్న గోరు అంచు తగిలినా ఎర్రటి గీత పడుతుంది.

గోళ్ల రంగు దగ్గరికొస్తే నిజం కాస్త వేరుగా ఉంటుంది. అప్పుడే వేసుకున్న రంగు వల్ల గోళ్ల మీద క్రిములు పెరగవని అదే సీడీసీ కాగితంలో ఉంది. పెచ్చులూడిన రంగు దగ్గరే పెరిగే అవకాశం ఉంది. అయితే వార్డులో స్పిరిటు, సబ్బు, శానిటైజరు మధ్య ఏ రంగైనా రెండో రోజుకి పెచ్చులూడుతుంది. పైగా గోరు కింద మట్టి ఉందో లేదో కనపడదు. అందుకని వద్దంటాను. కానీ రంగుకి ఫైన్ వేసే మేడమ్ ఈ కారణం చెప్పాలి కదా. చెప్పకుండా 'సినిమాకొచ్చావా' అంటే మీకు గుర్తుండేది ఆ మాటే. ఆషాఢంలో పెట్టుకునే గోరింటాకు జోలికి మాత్రం ఎవరూ రానక్కర్లేదు. అది చర్మంలో ఇంకిన రంగు, ఎంత కడిగినా అడ్డం రాదు. దానికి ఫైన్ వేశారంటే అడగవలసిందే.

ఇంకో మాట, కాస్త చాటుగా. మీ గోళ్లు చూసే టీచర్లలో కొందరు మణికట్టు దాకా వచ్చే తెల్లకోటు వేసుకుని, చేతికి వాచీ పెట్టుకునే చూస్తారు. ఆ కోటు చేతులు మంచం పట్టీలకీ ట్రాలీలకీ రాసుకుంటూ పోతాయి. వారానికి ఎన్నిసార్లు ఉతుకుతున్నారో ఎవరూ అడగరు. వాచీ మానేస్తే నాడి ఎలా చూడాలి అంటావేమో, సెకన్ల ముల్లున్న చిన్న వాచీని ఛాతీ మీద జేబుకి తగిలించుకో. ఫోన్లో టైం చూడొద్దు. ఫోన్ని ఎక్కడెక్కడ పెడతామో మనకే తెలుసు.

తల, మెడ, కాళ్ల గురించి గబగబా చెప్పేస్తాను. జుట్టు కొప్పు వేసి నెట్టు పెట్టు. జడ ముందుకు జారితే దాన్ని వెనక్కి తోసేది అప్పుడే కడిగిన చెయ్యే. వేలాడే జుంకాలు పిల్లల వార్డులో ఒక్కసారి పెట్టుకుని చూడు, ఏడుస్తున్న పిల్లాడు ఎంత బలంగా లాగుతాడో తెలుస్తుంది. జ్వరం తలకెక్కి కలవరిస్తున్న పెద్దవాళ్లూ అంతే. ఐడీ కార్డు మెడలో తాడుకి వేలాడదీసే బదులు క్లిప్పుతో తగిలించుకో, కారణం అదే. పుస్తెలు, నల్లపూసలు లోపలికి వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ముక్కుపుడక మాస్కు కిందకి వెళ్లిపోతుంది. వార్డులో చిన్న బొట్టు ఉంటే తప్పులేదు గానీ, స్టిక్కరు బొట్టు చెమటకి ఊడి డ్రెస్సింగ్ ట్రేలో రాలిందంటే ఆ ట్రే మొత్తం పక్కన పెట్టాల్సిందే. మల్లెపూలు కూడా అలాగే రేకులు రాలుస్తాయి. పైగా ఆ వాసన, సెంటు వాసన ఆస్తమా వాళ్లకీ, వేవిళ్ల మీదున్న వాళ్లకీ, కీమోథెరపీ తీసుకునేవాళ్లకీ నరకం. పైడితల్లి సిరిమానోత్సవం రోజున కూడా పూలు ఇంటి దగ్గరే ఉంచి రండి, అమ్మవారేం అనుకోదు.

కాళ్ల పట్టీల గురించి మీ చర్చలో ఎవరూ మాట్లాడరు, నువ్వు మాట్లాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది, పట్టుబట్టల గరగర, బూట్ల కిర్రు చప్పుడు రోగికి ఎంత చెరుపు చేస్తాయో. రాత్రి రెండింటప్పుడు వార్డులో ఒక అమ్మాయి మువ్వల పట్టీలతో నడిచిందంటే, ఇంజెక్షన్ ఇచ్చాక అప్పుడే కన్నంటుకున్న పేషెంట్లు ఒక్కొక్కరే కదులుతారు. మెత్తటి అడుగుతో, వేళ్లు మూసి ఉండే బూటు వేసుకోమనేది చప్పుడు కోసమే కాదు. ఎప్పుడో ఒకప్పుడు వాడిన సూది చేతిలోంచి జారుతుంది. అది నేరుగా పాదం మీదే పడుతుంది. తడి నేల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మీ బ్యాచ్‌లో రెండో వర్గం మాట. 'నర్సంటే నర్సులా కనపడాలి.' ఇందులో నిజం ఉంది. కానీ వాళ్లనుకునే కారణం వేరు.

నేను చూసింది చెప్తాను. ఒక ఆసుపత్రిలో పొద్దున్నే ఆపరేషన్‌కి ఒక ముసలాయన్ని సిద్ధం చేసి ఉంచారు. ఏమీ తినకూడదని రాత్రే చెప్పారు. ఆయన భార్యకి మనసు ఒప్పక, తెల్లకోటు వేసుకుని అటుగా వెళ్తున్న కుర్రాణ్ని ఆపింది. "బాబూ, మా ముసిలోడికి రెండిడ్లీలు ఎట్టీమంటారేటి?" అని అడిగింది. ఆ కుర్రాడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లాడు, రక్తం నమూనాల కోసం వచ్చాడు. పాపం పెద్దావిడ అడిగిందని "పెట్టండమ్మా" అన్నాడు. ఆపరేషన్ వాయిదా పడింది. ఆవిడ మీద అందరూ అరిచారు. ఆవిడ ఒకటే అంది, "డాకటేరు బాబే ఎట్టీమన్నాడు కదా." ఆవిడ తప్పేముంది చెప్పు? తెల్లకోటు వేసుకున్నవాళ్లంతా ఆవిడకి డాక్టర్లే. నీలం బట్టల్లో ఉన్నవాళ్లలో ఎవరు నర్సో, ఎవరు సెక్యూరిటీయో, ఎవరు హౌస్‌కీపింగో తెలుసుకునే దారి ఆవిడకి ఎవరు చూపించారు?

అంచేత యూనిఫాంతో మొదటి పని పేషెంటుకి దారి చూపడం. ఆ పని రంగు ఒక్కదాని వల్ల అవ్వదు. మీ పేరు, 'నర్సింగ్ విద్యార్థిని' అన్న మాట తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఛాతీ మీద ఉండాలి. మన దగ్గర చాలా కాలేజీల బ్యాడ్జీల మీద కాలేజీ పేరు పెద్దగా, పిల్ల పేరు చిన్నగా, అదీ ఇంగ్లిషులోనే ఉంటుంది. అది ఎవరికోసం? బ్యాడ్జీ ఉన్నా మంచం దగ్గరికి వెళ్లగానే నోటితో కూడా చెప్పు: "అమ్మా, నా పేరు ఫలానా, నర్సింగ్ చదువుతున్నాను, మీ బీపీ చూడ్డానికి వచ్చాను." బ్రిటన్‌లో కేట్ గ్రేంజర్ అనే డాక్టరు తనే క్యాన్సర్‌తో మంచం పట్టాక, వచ్చిపోయేవాళ్లు తమ పేరైనా చెప్పట్లేదని గమనించి 2013లో ఇదే విషయం మీద పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. ఆవిడ 2016లో చనిపోయినా, ఆ దేశంలో ఆసుపత్రి సిబ్బంది చాలామంది 'హలో, మై నేమ్ ఈజ్' అని రాసిన బ్యాడ్జీలు పెట్టుకుంటున్నారు.

రోజూ చూసే మనుషుల దగ్గర యూనిఫాం బరువు తగ్గిపోతుంది, అదీ గమనించు. ఉద్దానం నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లని చూడు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు అటునుంచి వారానికి రెండు మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు అదే మంచం మీద ఉంటారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాక మనవాళ్లకి కొంత దూరాభారం తగ్గింది. డయాలసిస్ యూనిట్లో నర్సు మాస్కు, షీల్డు, గౌను, గ్లవ్స్ అన్నీ వేసుకుంటుంది. రక్తం చిమ్ముతుంది, హెపటైటిస్ భయం ఉంటుంది. కళ్లు తప్ప ఏమీ కనపడవు. అయినా వాళ్లు నర్సుని గొంతు బట్టి, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో కలిపి కుట్టిన రక్తనాళం) మీద సూది గుచ్చే తీరు బట్టి గుర్తుపడతారు. ఫలానా సిస్టరుంటే చెయ్యి నొప్పెట్టదని చెప్పుకుంటారు. మీ మొదటి వర్గంవాళ్లు 'పేషెంటుకి పని కావాలి' అన్నది ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం. కొత్త పేషెంటు, క్యాజువాల్టీ, పల్లె నుంచి మొదటిసారి వచ్చిన ముసలమ్మ దగ్గర మాత్రం వాళ్ల వాదన నిలబడదు.

తెలుపే ఉండాలా? దీని మీద నాకు పట్టుదల లేదు. నైటింగేల్ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలు పెట్టిన కాలంలో మర్యాదస్తులైన ఆడవాళ్లు తలకి టోపీ పెట్టుకునేవారు, కాబట్టి నర్సులూ పెట్టుకున్నారు. మా రోజుల దాకా ఆ టోపీ వచ్చింది. గంజి పెట్టి, మడతలు వేసి, నాలుగు పిన్నులు గుచ్చి నిలబెట్టేవాళ్లం. సెలైన్ స్టాండుకి తగిలితే అది ఓ పక్కకి ఒరిగేది. రోజూ ఉతకడం కుదరదు, అందరి మంచాల మీదికీ వంగుతుంది. దాన్ని తీసేసినప్పుడు పెద్ద సిస్టర్లు నర్సింగ్ పరువు పోయినట్టే బాధపడ్డారు. పేషెంట్లు మాత్రం పట్టించుకున్నట్టు నాకు కనపడలేదు. తెలుపుతో ఇంకో తంటా, పిల్లలకి ఆ రంగు కనపడగానే ఇంజెక్షనే గుర్తొస్తుంది. తెల్లకోటు చూస్తే పెద్దవాళ్లకీ బీపీ పెరుగుతుందని మీ పుస్తకంలోనే ఉంది.

అమ్మాయిల వైపు నుంచి తెలుపుకి ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. సిగ్గుపడి మీరు చర్చలో ఎత్తరు కాబట్టి నేనే చెప్తున్నాను. నెలసరి రోజుల్లో తెల్ల ప్యాంటు వేసుకుని, బస్సులో గంట నిలబడి వచ్చి, బాత్రూంకి వెళ్లే తీరిక లేకుండా డ్యూటీ చెయ్యడం ఎంత టెన్షనో ఆ రూలు పెట్టినవాళ్లకి తట్టలేదు. పేషెంటు మీదికి వంగినప్పుడల్లా వెనక్కి చూసుకునే పిల్లకి పని మీద ధ్యాస ఎలా ఉంటుంది? పైన ఏ రంగైనా, కింద ముదురు నీలం ప్యాంటు కావాలని అడగడం న్యాయమైన కోరిక. దీనివల్ల ఇన్ఫెక్షన్ పెరగదు, గుర్తింపు పోదు, ఖర్చూ పెరగదు.

గుడ్డ విషయంలో కాలేజీ ఇచ్చే టెర్రీకాటన్ మన ఉక్కకి ఒళ్లంతా చెమటకాయలు తెప్పిస్తుంది. కాటన్ పాళ్లు ఎక్కువున్న మందపాటి గుడ్డ అడగండి, పల్చటి తెలుపు కింద లోబట్టలు కనపడతాయి. టైలరు దగ్గర కొలత సరిపోయిందని అద్దంలో చూసుకుని వచ్చెయ్యకండి. అక్కడే రెండు చేతులూ పైకెత్తి, ముందుకు వంగి, గొంతుకూర్చుని చూడండి. గుండె ఆగినవాడికి ఛాతీ మీద నొక్కేటప్పుడు చంకలో కుట్టు పట్టేస్తే నువ్వు నొక్కలేవు. జేబులు లోతుగా ఉండాలి, వంగితే పెన్నూ కత్తెరా పేషెంటు మీద పడకూడదు. చీరైతే పైట పిన్ను పెట్టినా ట్రాలీ చక్రానికి కొంగు చిక్కుతుంది. చీర కట్టి ఏళ్లకేళ్లు పనిచేసినదాన్నే గానీ, ట్యూనిక్ ప్యాంటు వచ్చాక దాని వైపే ఓటేశాను.

యూనిఫాం బట్టల వల్ల రోగాలు పాకుతాయా అంటే, బట్టల మీద క్రిములు ఉంటాయన్నది నిజం. వాటివల్లే ఇన్ఫెక్షన్లు వస్తున్నాయనడానికి గట్టి రుజువు లేదని బ్రిటన్ ఆరోగ్య శాఖ గైడ్‌లైన్సే ఒప్పుకున్నాయి. చేతులంత ప్రమాదం బట్టలతో లేదు. అయినా వార్డు బట్టలతోనే టిఫిన్ కొట్లో కూర్చోకండి, మంచం మీద వాలకండి, ఇంట్లో పసిపిల్లల్ని ఎత్తుకోకండి. ఆసుపత్రిలో మార్చుకోవడానికి గది లేదంటారా, అది కాలేజీని అడగవలసిన మొదటి విషయం. ఉతకడానికి 60 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు చాలని అదే గైడ్‌లైన్స్ చెప్తాయి. హాస్టల్లో మెషీన్ లేకపోతే బకెట్లో బాగా వేడి నీళ్లు, సర్ఫ్, మిగతా బట్టలతో కలపకుండా ఉతకడం, ఎండలో ఆరేయడం, ఇస్త్రీ. రక్తం మరక ఉంటే మాత్రం ముందు చన్నీళ్లు. వేణ్నీళ్లు పోస్తే మరక గట్టిపడి ఇక వదలదు.

అబ్బాయిల సంగతి అడిగావు. కోపం రావాల్సిందే. గోళ్లు అబ్బాయిలకీ పెరుగుతాయి. చేతికి కడియాలు, నాలుగేళ్లనాటి దేవుడి దారాలు, ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు నేను ఎక్కువగా చూసింది అబ్బాయిల చేతులకే. గడ్డం ఉంటే ఎన్95 మాస్కు ముఖానికి గాలి చొరబడకుండా అంటుకోదు. టీబీ వార్డులో ఇది వాడి ప్రాణానికే చేటు. కోవిడ్ రోజుల్లో మగ నర్సులు చాలామంది గడ్డాలు తీసేసింది అందుకే. కాబట్టి చెకింగ్ ఉంటే చేతులు, జుట్టు, ముఖం అందరికీ ఒకేలా చూడాలి. అమ్మాయి లిప్‌స్టిక్ మీద పది నిమిషాలు, అబ్బాయి కడియం మీద అర సెకను పెట్టే చెకింగ్‌కి ఇన్ఫెక్షన్ కంట్రోల్ అని పేరు పెట్టకూడదు.

ముఖం గురించి కూడా చెప్పాలి. కాలేజీలో కాటుక కూడా వద్దంటారు. పాసై కొన్ని ప్రైవేటు ఆసుపత్రులకి ఇంటర్వ్యూకి వెళ్తే సన్నగా, తెల్లగా, లిప్‌స్టిక్‌తో కనపడాలంటారు. మా దగ్గర చదివిన ఒకమ్మాయి, క్యాన్యులా పెట్టడంలో చెయ్యి తిరిగిన పిల్ల, రంగు తక్కువని రిసెప్షన్‌కి దూరంగా ఉండే వార్డులో వేశారని ఫోన్ చేసి ఏడ్చింది. శుభ్రంగా ఉండమనే హక్కు ఆసుపత్రికి ఉంది. చర్మం రంగు మీద, ఒళ్లు మీద మాట్లాడే హక్కు లేదు. 'ప్రొఫెషనల్‌గా కనపడటం' అన్న మాట కింద దీన్ని కూడా దాచి అమ్ముతారు, చర్చలో ఈ తేడా పట్టుకోండి.

వార్డులో అటెండెంటో, సిబ్బందిలో ఒకడో నీ బట్టల మీద, ఒంటి మీద కామెంట్ చేస్తే, 'నువ్వు సరిగ్గా పిన్ను పెట్టుకోవాల్సింది' అని ఎవరైనా అంటే వినకు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మీ కాలేజీలో, పోస్టింగు పడే ఆసుపత్రిలో ఆ కమిటీలో ఎవరున్నారో ఇప్పుడే తెలుసుకుని రాసిపెట్టుకోండి.

ఫైన్లు, లైను గురించి. అందరి ముందూ జడ పట్టుకుని తిప్పి చూడటం, నవ్వులపాలు చెయ్యడం నాకు మొదట్నుంచీ నచ్చలేదు. డ్యూటీకి ముందు ఇద్దరిద్దరు ఒకరినొకరు చూసుకుని సరిచేసుకుంటే సరిపోతుంది. థియేటర్లో మేము చేసేది అదే, పక్కమనిషి గౌను ముడి మనమే కడతాం. ఫైను వసూలు చేసే కాలేజీ ఆ డబ్బుతో నెయిల్ కట్టర్లు, హెయిర్ నెట్లు కొని వార్డు బయట పెట్టినా కాస్త అర్థం ఉండేది.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలనుకుంటే గుంపుగా, కోపంగా వెళ్లొద్దు. ఒక కాగితం మీద మీరు పాటించేవి ముందు రాయండి: గోళ్లు, ఉంగరాలు, జుట్టు, బూట్లు, మినహాయింపు లేకుండా అబ్బాయిలతో సహా. దాని కింద మీరు అడిగేవి: ముదురు రంగు ప్యాంటు, తెలుగు బ్యాడ్జీ, బట్టలు మార్చుకునే గది, టీచర్లకీ పొట్టి చేతుల కోటు. ముందు ఇస్తున్నది చూపించి తర్వాత అడిగితే పెద్దవాళ్లు వింటారు, కనీసం కాగితం తీసుకుంటారు. 'బయటి దేశాల్లో ఇలా లేదు' అన్న మాటతో మాత్రం మొదలుపెట్టకు, అక్కడే మాట ఆగిపోతుంది.

చర్చ రోజున ఒక జత గ్లవ్స్, కాస్త పోస్టర్ కలర్ పట్టుకెళ్లు. ఒకరికి గ్లవ్స్ తొడిగి, వాటిమీద ఉంగరం, వాచీ పెట్టి, కళ్లు మూసుకుని సబ్బుతో కడుక్కున్నట్టే ఆ రంగుని చేతులకి రుద్దుకోమను. తర్వాత ఉంగరం, వాచీ తీసి, రంగు అంటని చోట్లు ఎక్కడెక్కడ మిగిలాయో క్లాసంతా చూడండి. ఇంకొకరితో అవేమీ లేకుండా చేయించి పక్కపక్కన పెట్టండి. వీలైతే టీచర్లలో ఒకరిని కూడా పిలవండి, వాళ్లని మాత్రం కోటు విప్పకుండానే చెయ్యమనండి.